కాటాల మేనేజరు

మార్కెట్టు వెనక సందులో నాలుగు మెట్లు దిగి వెళ్లాల్సిన గది ఒకటుంది. వీధి కన్నా కిందికి ఉంటుంది కాబట్టి లోపల కూర్చున్నవాళ్లకు బయట నడిచేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి. ఇరవై మూడేళ్లుగా ఆ కాళ్లను చూస్తూ ఒకాయన తూకం యంత్రాలు బాగుచేస్తున్నాడు. చెప్పుల్ని బట్టి వస్తున్నదెవరో, ఏ రిపేరుతో వస్తున్నారో చెప్పేస్తాడు. కూరగాయల కొట్ల కాటాలు, పోస్టాఫీసు కాటాలు, నగల దుకాణాల చిన్న త్రాసులు, ఆసుపత్రిలో పసిపిల్లల్ని పడుకోబెట్టి తూచే తొట్లు, అన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. బజారులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కాటాయన అంటారు.

నేను మొదటిసారి వెళ్లింది మా ఇంట్లోని పాత కాటా పట్టుకుని. అది చూపించే బరువు మీద మా ఇంట్లో అందరికీ నమ్మకం పోయింది. ఆయన ఒక తూకపురాయి తీసి పళ్లెం మధ్యలో పెట్టి ముల్లు చూశాడు. తర్వాత అదే రాయిని పళ్లెం నాలుగు మూలలకూ జరిపి జరిపి చూశాడు.

"మధ్యలో పెడితే ఏ కాటా అయినా సరిగ్గానే చెప్తుందండీ. మూలకి జరిపినప్పుడు కూడా అదే చెప్పాలి. అప్పుడే దాని సంగతి తెలిసేది" అన్నాడు.

పని అయ్యాక, ఏదో తెలిసినవాడిలా "మరి ముద్ర వెయ్యరా?" అని అడిగాను. ఇంటి కాటాకు ముద్రేమిటని నవ్వాడు. కొట్లలో వాడే కాటాలకైతే తనిఖీ అధికారి వచ్చి, తన సొంత రాళ్లతో తూచి చూసి, సీసం ముద్ర వేస్తాడట.

"బాగుచేసినవాడే ముద్ర వేసుకోకూడదు. ఎంత మంచివాడైనా సరే. మా పనిలో మొట్టమొదటి రూలు అది."

ఆ రోజు నుంచి వారానికోసారి ఆ మెట్లు దిగి టీ తాగుతూ కూర్చోవడం అలవాటైంది. ఈ సంగతులు ఆయన ఒక్క రోజున చెప్పలేదు. స్క్రూలు బిగిస్తూ కొంత, స్ప్రింగులు తుడుస్తూ కొంత, ఎప్పుడూ తల ఎత్తకుండానే చెప్పాడు. మిగతాది ఆయన చెల్లెలు చెప్పింది.

*

అన్నాచెల్లెళ్ల మధ్య ఇరవై ఏళ్ల తేడా. తల్లి లేక లేక రెండోసారి కన్నది ఆ పిల్లని. పుట్టిన పూట నర్సు తూచి, "ఈ కాటా తప్పు చూపిస్తోందే, ఇంకోటి తెండి" అందట. అప్పటికి నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్న అన్న అక్కడే నిలబడి ఉన్నాడు. "కాటా తప్పు కాదు సిస్టర్, దాన్ని మొన్ననే నేను బాగుచేశాను. పిల్లే తక్కువుంది" అన్నాడు. ఆ రోజే పిల్లకి గ్రాము అని పేరు పెట్టాడు. అసలు పేరు బడి రికార్డుల్లో ఉంది. ఇంట్లో ఎవరూ వాడరు.

మూడో నెలలో తల్లి పోయింది. రెండేళ్లకు తండ్రి. పిల్లకి నాలుగేళ్లప్పుడు వదిన వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని ఆమెది. రోజుకి నాలుగొందల దుప్పట్లు మడిచే మనిషి కాబట్టి ఇంట్లో మాటలు మాత్రం మడవకుండా విసిరేస్తుంది. పిల్లలు పుట్టలేదు. గ్రామే ఆ ఇంటికి పిల్ల.

పిల్లకి ఎనిమిదేళ్లు వచ్చేసరికి లెక్కల్లో దాన్ని పట్టుకోవడం పంతులమ్మలకు కష్టమైంది. "మంచి బడిలో వేయండి, ఇక్కడ పాడైపోతుంది" అన్నారు. ఊళ్లో ఎత్తు గోడల బడి ఒకటి ఉంది. ఆయన వెళ్లి ఫారం తెచ్చి, వృత్తి అన్నచోట కాటాల రిపేరు అని, ఆదాయం అన్నచోట ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాడు. పరీక్షలో పిల్లకి మొదటి ర్యాంకు. సీటు రాలేదు. గుమాస్తా మంచివాడే. పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు: "ఏమీ అనుకోకండి. మధ్యలో ఫీజు ఆగిపోతే పిల్లే కదా అవమానపడేది."

ఆయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు పంచదార టోకు వ్యాపారి దగ్గరికి వెళ్లాడు. ఆయన గోదాములోని పెద్ద కాటాలు చూసేది ఈయనే. వ్యాపారి అడగ్గానే లెటరుహెడ్డు మీద రాయించి ఇచ్చాడు: ఫలానా వ్యక్తి మా గోదాములో మేనేజరు, జీతం ఇంత. కొత్త ఫారం పెట్టారు. అదే వారం సీటు వచ్చింది.

ఫీజు ఏ ఒక్కసారీ ఆగలేదు. సాయంత్రం పూట పని పెంచుకున్నాడు. గడువుకి రెండు రోజుల ముందే కట్టేవాడు. "ఎవరికి నష్టం జరిగిందండీ? ఒక్కరికి చూపించండి" అని నన్ను అడిగాడు. ఆ ఒక్కసారే తల ఎత్తాడు. మళ్లీ వెంటనే దించుకున్నాడు.

నష్టం ఎవరికి జరిగిందో ఆయనకి తెలుసు. బడి మొదలైన రోజు వదిన ఎదుటే పిల్ల జడకి రిబ్బను కడుతూ ఆయన చెప్పాడు: "గ్రామూ, ఎవరైనా అడిగితే మా అన్నయ్య మేనేజరు అని చెప్పు. సరేనా?"

"కాటాల మేనేజరా?" అంది పిల్ల.

"కాటాల మాట ఎత్తకు. ఉత్త మేనేజరు."

బడి ఉన్నన్నాళ్లూ అలా నడిచింది. బడికి తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున ఆయన గోళ్లలో నూనె మరకలు కిరసనాయిలుతో తోముకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లో వదిన వదిలేది కాదు. "మేనేజరుగారూ, కుళాయి కారుతోంది, కాస్త వచ్చి సంతకం పెడతారా?" "మేనేజరుగారికి చారులో ఉప్పు చాలిందా, ఫైలు పంపమంటారా?" గ్రాము పడీపడీ నవ్వేది. ఆయనా నవ్వేవాడు. నవ్వినన్నాళ్లూ అది తమాషాగానే ఉండిపోయింది.

పిల్లకి పదమూడో ఏడు. ఒక మధ్యాహ్నం ఎవరో వచ్చి ల్యాబులో త్రాసు పనిచేయడం లేదు, అర్జెంటు అన్నారు. పని పెట్టె పట్టుకుని బయల్దేరాడు. ఏ బడో గేటు దగ్గరికి వెళ్లేదాకా అడగలేదు. అడిగుంటే వెళ్లేవాణ్ని కాదన్నాడు. మాసిన చొక్కా. చేతిలో పెట్టె. ల్యాబు వరండాలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వరసలో ఆరో పిల్ల గ్రాము.

ఆయన నేల చూపులు చూస్తూ గోడ పక్కనుంచి నడిచాడు. దగ్గరికి వచ్చినప్పుడు ఉండబట్టలేక ఓరకంట చూశాడు. గ్రాము పక్కనున్న పిల్లతో ఏదో చెప్తూ మొహం అటు తిప్పుకుంది. ల్యాబు అసిస్టెంటు వెనకనుంచి "ఏయ్, కాటా! ఇటు" అని కేకేశాడు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వదినకి అసలు తెలియనే తెలియదు. మామూలుగా "మేనేజరుగారూ" అంది. ఆ పూట ఇద్దరూ నవ్వలేదు.

*

పై చదువుల ఊసు వచ్చేసరికి గ్రాముకి గణాంకశాస్త్రం మీద మనసు పడింది. పరాయిదేశంలో ఒక యూనివర్సిటీ ఉందని, ఆ చదువుకి అదే పుట్టిల్లని వాళ్ల లెక్కల మాస్టారు చెప్పారు. పిల్ల ఆ యూనివర్సిటీ గురించి దొరికిన అంకెలన్నీ పోగేసింది. అన్నయ్య పాత బిల్లుల వెనకవైపు పట్టికలు గీసింది. వంటింట్లో బల్ల మీద పరిచి ఇద్దరికీ చెప్పింది.

"వందమంది అడిగితే ఏడుగురిని తీసుకుంటారు అన్నయ్యా. మనలాగా బయటి దేశం నుంచి, ఫీజుకి సాయం కూడా కావాలని అడిగేవాళ్లలో అయితే ఇద్దరు."

"సాయం అడక్కపోతే?"

"అప్పుడు ఇంకా ఎక్కువమందే. కానీ అడక్కుండా ఎలా? అక్కడ ఒక్క ఏడాది ఖర్చు నీ తొమ్మిదేళ్ల సంపాదన."

వదిన గిన్నె తోముతూ ఆగింది. "అంటే నాలుగేళ్లకి?"

"ముప్పై ఆరేళ్లది."

"అయితే ఏవండీ, మీరు తిండీ తిప్పలూ మానేసి ఇప్పుడు మొదలుపెడితే డెబ్బై నాలుగో ఏట దీని ఫీజు కట్టేస్తారు. డెబ్బై అయిదులో నా దుప్పట్లకి ఇస్త్రీపెట్టె కొనొచ్చు."

"అది కాదు వదినా, ముందు విను. సీటు ఇచ్చారంటే, ఇంట్లోవాళ్లు ఎంత కట్టగలరో వాళ్లే లెక్కేస్తారు. మిగతాది వాళ్లే భరిస్తారు. మనకి ఎంత తక్కువుంటే వాళ్లు అంత ఎక్కువిస్తారు."

"ఏం, వాళ్లకేమైనా పిచ్చా?" అంది వదిన.

పైకి అనకపోయినా ఆయన అనుకున్నదీ అదే. తక్కువున్నవాడికి ఎక్కువిచ్చే బడి ఎక్కడైనా ఉంటుందా? ఆయన చెవిలో మిగిలింది ఒక్కటే: సాయం అడిగితే ఇద్దరు, అడక్కపోతే ఇంకా ఎక్కువమంది. ఎత్తు గోడల బడి గుమాస్తా చెప్పినమాటే ఇప్పుడు అంకెల్లో వినిపిస్తోంది అనుకున్నాడు.

గ్రాము తన దరఖాస్తంతా తనే పెట్టుకుంది. ఆదాయం ఫారం మాత్రం సంరక్షకుడే నింపి, సంతకం చేసి, కవరు అంటించి నేరుగా పోస్టులో పంపాలి. పిల్లల చేతిలో పెట్టకూడదని వాళ్ల రూలు. గ్రాము ఒక చీటీ మీద ఏ గడిలో ఏం రాయాలో అర్థం చెప్పి, ఆదాయం అంకె పెన్సిలుతో వేసి ఇచ్చింది. "అంతే అన్నయ్యా. ఉన్నదున్నట్టు రాసెయ్యి."

"ఆ గడి ఎంత పొడుగుందో తెలుసాండీ?" అన్నాడు నాతో. "తొమ్మిదంకెలు పట్టేంత. నా అంకె అందులో రాస్తే, పెద్ద హాల్లో మూల కుర్చీలో కూర్చున్నవాడిలా ఉంటుంది. మరీ ఇంత చిరిగిన చొక్కాతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు కదా అనిపించింది. కాస్త నలగని చొక్కా వేసుకుని వెళ్లి సాయం అడిగితే, కనీసం లోపలికి రానిస్తారు, పిల్లని చూస్తారు, తర్వాత సంగతి తర్వాత."

మళ్లీ పంచదార వ్యాపారి దగ్గరికి వెళ్లాడు.

ఈమధ్యలో ఒకటి జరిగి ఉంది. మూడేళ్ల క్రితం ఆ వ్యాపారి కేజీకి ఇరవై గ్రాములు తేడా వచ్చేలా గోదాము కాటాని జరపమన్నాడు. ఈయన మాట్లాడకుండా పెట్టె మూసుకుని వచ్చేశాడు. ఆ సంగతి బజారంతా తెలుసు. ఈయన మీద బజారుకి ఉన్న గౌరవంలో సగం అదే.

వ్యాపారి అంతా విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే, నా కాటా ఇరవై గ్రాములు జరపమంటే పెట్టె మూసుకుని పోయావు. ఇప్పుడు నీ కాటా నన్ను అయిదింతలు జరపమంటున్నావు."

"పిల్ల చదువు కోసమండీ."

"నాకు మాత్రం పిల్లల్లేరా?"

ఈయనకి తల కొట్టేసినట్టయింది. వ్యాపారి నవ్వి, లెటరుహెడ్డు తెప్పించి, పదేళ్ల కిందటి అబద్ధానికి జీతం పెంచి సంతకం చేశాడు. కుర్రాణ్ని పిలిచి టీ చెప్పాడు.

"ఆ టీ ముట్టకుండా లేచి వచ్చేశానని చెప్తే బాగుండును మీకు" అన్నాడు. "తాగాను. పంచదార ఎక్కువేశారు."

కవరు తనే అంటించాడు. తనే పోస్టు చేశాడు. గ్రాము అడిగితే "పంపేశాను" అన్నాడు, అంతే.

*

నాలుగు నెలలకి ఒక పొద్దున్నే గ్రాము ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఫోను వదిన మొహం ముందు పెట్టింది. వదినకి ఆ భాష రాదు. "ఏమైందే? ఎవరు పోయారు?" అని హడలిపోయింది.

"సీటు వచ్చింది వదినా."

వదిన తడి చేతులతోనే పిల్లని వాటేసుకుంది. ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. వందలో ఇద్దరు. అందులో గ్రాము. తను నలగని చొక్కా వేసింది ఊరికే పోలేదనుకున్నాడు. "అయిదు నిమిషాలండీ. గడియారం చూడలేదు గానీ అంతకన్నా ఉండదు. ఆ అయిదు నిమిషాలు నన్ను నేను మెచ్చుకున్నాను."

దాని కిందే రెండో ఉత్తరం ఉంది. గ్రాము పైకి చదువుతూ అర్థం చెప్పింది. మీ కుటుంబ ఆదాయాన్ని పరిశీలించాం. మా దగ్గరున్న సాయం ఇంతకన్నా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే సరిపోతోంది. కాబట్టి సాయం ఇవ్వలేకపోతున్నాం.

"ఇదేంటి?" అంది గ్రాము. "ఎవరిదో మనకి పంపారు. ఖాయంగా పొరపాటే."

ఆయన అప్పుడే చెప్పి ఉండాల్సింది. కాటా బాగుచేయాల్సి ఉందని చెప్పి చొక్కా తొడుక్కుని బయటపడ్డాడు. రెండు రోజులు అన్నం వేళకి తప్ప ఇంటికి రాలేదు. కొట్లో కూర్చుని, బాగున్న కాటాల్ని విప్పి మళ్లీ బిగించాడు.

మూడో రోజు గ్రాము కొట్టుకి వచ్చింది. మెట్ల మీద ఆ చెప్పులు కనిపించగానే ఆయన ముందున్న కాటాని మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు. గ్రాము చేతిలో కాగితం. పొరపాటు సరిచేయమని యూనివర్సిటీకి ఉత్తరం రాసింది. పంపేముందు అన్నయ్యకి వినిపించాలని వచ్చింది.

స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్కో వాక్యం చదివి అర్థం చెప్పుకుంటూ పోయింది. దయచేసి మా ఫారం మళ్లీ చూడండి. మీ దగ్గర అంకె ఎక్కడో మారిపోయి ఉంటుంది. మా అన్నయ్య తప్పు రాసే అవకాశం లేదు. ఆయన పనే ఊరివాళ్ల తూకాలు సరిచేయడం. ఒక వ్యాపారి కాటా జరపమంటే, పెద్ద బేరం పోతుందని తెలిసి కూడా ఒప్పుకోని మనిషి.

"గ్రామూ."

"ఉండన్నయ్యా, ఇంకో రెండు లైన్లే."

"ఆ వాక్యం కొట్టెయ్యి."

"ఏ వాక్యం?"

"నా గురించి రాసింది."

గ్రాము కాగితం ఒళ్లో పెట్టుకుంది. ఆయన స్క్రూడ్రైవరు వైపు చూస్తూ చెప్పాడు. ఒక్కొక్క ముక్కే వచ్చింది. బయట కాళ్లు నడుస్తూనే ఉన్నాయి.

"ఎంత రాశావు?"

"అయిదింతలు."

"ఉద్యోగం?"

ఆయన స్క్రూడ్రైవరు తీసి పెట్టెలో పెట్టేశాడు.

"ఇంకా మేనేజరేనా నువ్వు?" అంది గ్రాము.

కోపంగా అనలేదట. కోపంగా అని ఉంటే ఎంత బాగుండేదో అని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు.

"సీటు పోతుందేమోనని..." అన్నాడు.

"సీటు నా మార్కులకి ఇచ్చారు. సాయం నీ అంకెకి ఇవ్వాలి. రెండూ వేరే బల్లల మీద చూస్తారన్నయ్యా. నీకు వంటింట్లో చెప్పాను."

"విన్నాను. నమ్మలేదు."

"నన్నా?"

"వాళ్లని." మెట్ల వైపు చూస్తూ, "ఎవర్నీ" అన్నాడు.

గ్రాము స్టూలు ముందుకి జరుపుకుంది. బల్ల మీదున్న తూకపురాళ్లని పెద్దదాని నుంచి చిన్నదాకా వరసలో పెట్టింది. చిన్నప్పుడు ఆ కొట్లో అదే ఆట ఆడేది. తర్వాత, "ఆ రోజు ల్యాబు దగ్గర నేను నిన్ను చూశాను" అంది.

"తెలుసు."

"మేనేజరని చెప్పమన్నావు కదా, అందుకే మొహం తిప్పుకున్నాను అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకే సిగ్గేసింది. నువ్వు చెప్పిన మాట నాకు కలిసొచ్చింది, అంతే."

అయిదింతలు రాసినప్పుడు కాని, వ్యాపారి ముందు కాని పడనంత సిగ్గు అప్పుడు పడ్డానన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లకి జడ వేసి, రిబ్బను కట్టి, సిగ్గు కూడా తనే కట్టి పంపాడు.

గ్రాము ఒక తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టింది. "రాయి. నీ మాటల్లో రాయి. వాళ్ల భాషలోకి నేను మారుస్తాను."

"రాస్తే సీటు తీసేస్తారేమో?"

"తియ్యొచ్చు."

"వందలో ఎంత?"

"తెలీదు. దీనికి నా దగ్గర లెక్క లేదు." తర్వాత నెమ్మదిగా చెప్పింది, "రాయకపోతే మాత్రం లెక్క ఉంది. ముప్పై ఆరేళ్లు."

ఆయన రాయడానికి రెండు గంటలు పట్టింది. ఉత్తరం ఆరు లైన్లే. అయ్యా, నేను మేనేజర్ని కాను. ఎప్పుడూ కాలేదు. తూకం యంత్రాలు బాగుచేస్తాను. నా ఆదాయం ఇది. ముందు రాసింది అబద్ధం. మా చెల్లెలికి ఆ సంగతి తెలియదు. ఆమెని శిక్షించకండి. చివరి లైను గ్రాము కొట్టేయమంది. "బతిమాలొద్దు. నిజం చెప్పి ఊరుకో." కొట్టేశాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర వదినకి సంగతంతా చెప్పారు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది. ఏదో అనడానికి నోరు తెరిచి, అలవాటుగా "మేనే..." దాకా వచ్చి, నాలిక కరుచుకుంది. ఆ ఇంట్లో ఆ మాట వినపడింది అదే ఆఖరు.

*

పంతొమ్మిది రోజులకి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. నిజం తెలియజేసినందుకు కృతజ్ఞతలు. దరఖాస్తుదారు తప్పు లేదని గ్రహించాం. అయితే ఈ ఏడాది సాయం కోసం కేటాయించినదంతా పంచేశాం. ఖర్చు మీరే భరించగలిగితే సీటు ఉంటుంది. లేకపోతే వచ్చే ఏడాది కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ ఉత్తరం మాత్రం ఫైలులో ఉంటుంది.

సీటు వదులుకున్నట్టు గ్రాము రెండు లైన్లు రాసి పంపింది. ఊళ్లో కాలేజీలో చేరింది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం అన్నయ్య కొట్లో బిల్లులు రాయడం. ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. అదే తనకి కష్టంగా ఉండేదని ఆయన అన్నాడు. "పళ్లెంలో పెట్టకుండా చేత్తో పట్టుకున్న బరువులా ఉండేదండీ. ఎంతో తెలీదు. దించడానికీ లేదు."

ఏడాది తిరిగి మళ్లీ దరఖాస్తుల కాలం వచ్చింది. గ్రాము ఈసారి పట్టిక గీయలేదు. నిరుటి పట్టికలో ఒక వరస కొత్తగా చేర్చింది: ముందొకసారి తప్పు ఆదాయం చూపించినవాళ్లు. దాని ఎదురుగా అంకె వేయకుండా ఖాళీగా వదిలేసింది.

ఆదాయం ఫారం వచ్చిన రోజు నేను ఆ కొట్లోనే ఉన్నాను. ఉల్లిపాయలు అమ్మే ఆవిడ తన కాటా కోసం మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, గోళ్లలో నూనె అలాగే ఉండగానే కలం తీసుకున్నాడు. వృత్తి అన్నచోట తూకం యంత్రాలు బాగుచేయడం అని రాశాడు. ఆదాయం అంకె వేశాడు. పొడుగు గడిలో అది మూలకే ఒదిగి కూర్చుంది. కవరులో పెట్టాడు. జిగురు సీసా దగ్గరికి చెయ్యి పోయింది, ఆగింది.

"గ్రామూ, ఇటు రా. ఇది చూడు."

"నేను చూడకూడదన్నయ్యా. వాళ్ల రూలు."

"వాళ్ల రూలు వాళ్లది. మన కొట్టు రూలు మనకుంది. బాగుచేసినవాడే ముద్ర వేసుకోకూడదు."

ఉల్లిపాయలావిడ నా వైపు చూసింది, ఏమిటి విషయం అన్నట్టు. నేను టీ గ్లాసులోకి చూశాను.

గ్రాము కాగితం తీసి చదివింది. పైనుంచి కిందికి. మళ్లీ కిందనుంచి పైకి. అంకె దగ్గర వేలు ఆగింది.

"బేకరీవాళ్లు నెలనెలా ఇచ్చేది ఏదీ?"

"ఏ బేకరీ?"

"అన్నయ్యా!"

ఆయన మొహం మాడిపోయింది. బేకరీలో ఆరు కాటాలున్నాయి. వాటిని చూసుకున్నందుకు నెలకింత అని మూడేళ్లుగా ముడుతోంది. అది కలపలేదు.

"అది చిన్నదే కదా... ఈసారి కాస్త తక్కువుంటేనే నయమేమో అని..."

"అటు కాకపోతే ఇటు జరుపుతావా?" అంది గ్రాము. గొంతులో నవ్వుందో ఏడుపుందో నాకు అంతుపట్టలేదు. ఉల్లిపాయలావిడ మాత్రం గట్టిగానే నవ్వేసింది. "కాటాయన కాటా పట్టుకోవడానికి ఈ పిల్లే సరి" అంది.

ఆయన ఇంకో ఫారం తీసుకున్నాడు. బేకరీ డబ్బు కలిపాడు. పోయినేడు వాచీల కొట్టు చిన్న త్రాసుకి వచ్చినది కూడా, ఎవరూ అడక్కుండానే, గుర్తుచేసుకుని కలిపాడు. పక్కనే కూర్చుని గ్రాము కూడిక సరిచూసింది. అయ్యాక కాగితం మడిచి కవరులో పెట్టి, ఆయన చేతికి ఇచ్చింది.

"ఇప్పుడు అంటించు."

ఆయన జిగురు రాసి, బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒత్తాడు. వేలి మరక కవరు మీద నల్లగా పడింది. తుడవబోయి, మానేశాడు. కవరు జేబులో పెట్టుకుని ఉల్లిపాయలావిడ కాటా ముందుకు లాక్కున్నాడు. రాయి తీసి పళ్లెం మధ్యలో పెట్టాడు. తర్వాత ఒక్కో మూలకీ జరపడం మొదలుపెట్టాడు.